నల్ల జ్వరం, తెల్ల మచ్చలు: డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి

మీ సొంత ఊరు ఏది అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి కాసేపు ఆలోచిస్తాం. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఇప్పుడు చదువుతున్నది మరోచోట. తాతగారి ఊరు సెలవుల్లో మాత్రమే చూస్తాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఆ ఊరి భాష. ఇలా పెరగడం ఒక లోటని మనకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. సరిగ్గా ఇలాగే పెరిగిన ఒక పిల్లవాడు పెద్దవాడై లక్షలమంది ప్రాణాలు నిలిపే మందు కనిపెట్టాడు. ఆయనే డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి. ఈ సంచికలో మన తెలుగు విభాగం కోసం ఆయన జీవితాన్ని చెప్పుకుందామని మేము అనుకున్నాం.

రైల్వే కాలనీలో బాల్యం

ఉపేంద్రనాథ్ 1873 డిసెంబరు 19న పుట్టారు. తల్లి సౌరభ్ సుందరీ దేవి. తండ్రి నీలమణి బ్రహ్మచారి ఈస్ట్ ఇండియన్ రైల్వేలో డాక్టరు. వాళ్ళ కుటుంబానిది బెంగాల్‌లోని బర్ద్వాన్ జిల్లా. కానీ తండ్రి ఉద్యోగం బీహార్‌లోని జమాల్‌పూర్‌లో. రైలింజన్లు బాగుచేసే పెద్ద వర్క్‌షాపు అక్కడ 1862 నుంచే ఉంది. ఇంట్లో బెంగాలీ మాట్లాడే ఆ పిల్లవాడు ఇంజన్ కూతలు వింటూ బీహార్‌లోని రైల్వే బడిలో చదువుకున్నాడు. మనలో రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ళకు ఆ బాల్యం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

బ్రహ్మచారి అనేది వాళ్ళ ఇంటిపేరు. తెలుగువాళ్ళం కాబట్టి ఆ పేరు వినగానే పెళ్ళి చేసుకోని మనిషేమో అని మేమూ పొరబడ్డాం. ఆయనకు 1898లో నానీబాలా దేవితో పెళ్ళయింది.

ఆయన మొదట చదివింది వైద్యం కాదు. 1893లో హుగ్లీ కాలేజీ నుంచి గణితంలోనూ రసాయనశాస్త్రంలోనూ ఆనర్స్‌తో బి.ఎ. పూర్తిచేశారు. తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయనశాస్త్రంలో ఎం.ఎ. చేశారు. ఆ తర్వాతే వైద్యం. 1900లో ఎం.బి. పరీక్షలో వైద్యంలోనూ శస్త్రచికిత్సలోనూ మొదటి స్థానం ఆయనదే. 1902లో ఎం.డి. అయ్యారు. 1904లో ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం గురించి చేసిన పరిశోధనకు పీహెచ్‌డీ వచ్చింది. రోగి నాడి చూడటం తెలిసిన డాక్టర్లు అప్పుడు చాలామంది ఉన్నారు. కొత్త రసాయనాలు తయారుచేయగలిగిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. రెండూ తెలిసిన మనిషి అరుదు. ఆయన చేసిన పనికి ఆ రెండూ కావలసి వచ్చాయి.

ఊళ్ళను ఖాళీ చేసిన జబ్బు

ఆ రోజుల్లో బెంగాల్, అస్సాం, బీహార్ పల్లెల్లో ఒక జ్వరం ఉండేది. అది వారాల తరబడి, నెలల తరబడి వదలదు. పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం ఉబ్బిపోతుంది. పొట్ట కుండలా ముందుకు వస్తుంది, చేతులూ కాళ్ళూ పుల్లల్లా అవుతాయి. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. ఒంటి రంగు నల్లబడుతుంది. అందుకే దాన్ని కాలా అజార్ అన్నారు. కాలా అంటే నలుపు, అజార్ అంటే జబ్బు. మందు లేకపోతే వందమందిలో తొంభైమందికి పైగా చనిపోయేవారు.

అస్సాంలో ఈ జబ్బు గారో కొండల దగ్గర మొదలై బ్రహ్మపుత్ర లోయ వెంబడి ఊరు తర్వాత ఊరుగా పాకింది. నౌగాంగ్ జిల్లాలో 1891 జనాభా లెక్కల్లో సుమారు 3,47,000 మంది ఉంటే, 1901 నాటికి సుమారు 2,61,000 మంది మిగిలారు. పదేళ్ళలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. మన తరగతిలో నలభైమంది ఉంటే పదిమంది లేకుండా పోవడంతో సమానం.

ఇది మలేరియాలో ఒక రకమని చాలాకాలం అనుకున్నారు. అసలు కారణం 1903లో తెలిసింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పనిచేసిన ఒక సైనికుడు ఇంగ్లండ్ వెళ్ళి ఈ జ్వరంతో చనిపోయాడు. అతని ప్లీహంలో విలియం లీష్‌మన్ అనే సైనిక వైద్యుడు గుడ్రటి చిన్న సూక్ష్మజీవులను చూశాడు. అదే సంవత్సరం మద్రాసులో చార్లెస్ డోనవన్ అనే వైద్యుడు రోగుల్లో అవే జీవులను చూశాడు. అప్పుడు మద్రాసు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా రాజధాని. మలేరియా దోమ కథ చెప్పిన రొనాల్డ్ రాస్ వీళ్ళిద్దరి పేర్లూ కలిపి ఆ జీవికి లీష్మేనియా డోనవని అని పేరు పెట్టాడు.

శత్రువు ఎవరో తెలిసింది కానీ, దాన్ని చంపే మందు చేతిలో లేదు.

కిరోసిన్ దీపం ఉన్న గది

ప్రభుత్వ వైద్య ఉద్యోగంలో చేరిన బ్రహ్మచారికి కూడా బదిలీలు తప్పలేదు. 1901లో ఢాకా వెళ్ళి అక్కడి మెడికల్ స్కూల్లో పాఠాలు చెప్పారు, రోగులను చూశారు. 1905లో కలకత్తా సియాల్దా దగ్గరి క్యాంప్‌బెల్ మెడికల్ స్కూలుకు వచ్చారు. ఇప్పుడు దాని పేరు నీల్‌రతన్ సర్కార్ మెడికల్ కాలేజీ. అక్కడ ఆయన దాదాపు 18 ఏళ్ళు పనిచేశారు. వార్డుల నిండా కాలా అజార్ రోగులే. అందులో పిల్లలు ఎక్కువ.

1915 నాటికి ఒక దారి కనిపించింది. పాతకాలం సుర్మాలో వాడే ఆంటిమొనీ అనే లోహంతో చేసిన ఒక లవణాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తే కొందరికి జబ్బు తగ్గుతోందని ఇటలీలోనూ మన దేశంలోనూ వైద్యులు గమనించారు. కానీ ఆ మందుతో బాధ ఎక్కువ. వాంతులు, దగ్గు, గుండె బలహీనపడటం. సూదులు నెలల తరబడి వేయించుకోవాలి. కూలి పనికి వెళ్ళకపోతే పొయ్యి వెలగని ఇంటివాళ్ళు మూడు నెలలు ఆసుపత్రిలో ఎలా ఉంటారు? సగంలోనే వెళ్ళిపోయేవారు. జబ్బు మళ్ళీ తిరగబెట్టేది.

ఇక్కడ బ్రహ్మచారి నేర్చుకున్న రసాయనశాస్త్రం పనికొచ్చింది. ఆంటిమొనీని వదలకుండా, దాని విషం మాత్రం తగ్గించాలి. అందుకోసం దాన్ని వేరే పదార్థాలతో కలిపి చూడటం మొదలుపెట్టారు. ఒక మిశ్రమం చేయడం, పరీక్షించడం, పనికిరాకపోతే మళ్ళీ మొదలుపెట్టడం. ఆయనకు ఇచ్చిన గది చాలా చిన్నది. అందులో గ్యాస్ లేదు, కుళాయి లేదు, కరెంటు లేదు. పగలంతా రోగులు, పాఠాలు. రాత్రికి పాత కిరోసిన్ దీపం ముందు కూర్చుని ప్రయోగాలు. మన బడిలోని కెమిస్ట్రీ ల్యాబులో ఉన్న వసతులు కూడా ఆయనకు లేవు.

1920లో ఒక రాత్రి పది గంటల వేళ, పొగచూరిన ఆ గదిలో, తాను ఎదురుచూసిన ఫలితం వచ్చిందని ఆయనకు అర్థమైంది. ఆంటిమొనీ ఉన్న ఒక సేంద్రియ ఆమ్లాన్ని యూరియాతో కలిపి తయారుచేసిన ఆ మందుకు యూరియా స్టిబమైన్ అని పేరు పెట్టారు. ఆ గది తనకు పుణ్యక్షేత్రం లాంటిదని తర్వాతి రోజుల్లో ఆయన తలుచుకునేవారు.

1922లో ఆయన తన మొదటి రోగుల ఫలితాలను ప్రచురించారు. తర్వాత షిల్లాంగ్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు అస్సాంలో ఆ మందును పరీక్షించారు. నెలలు పట్టే చికిత్స కొన్ని వారాలకు తగ్గింది. వందకు తొంభైమంది పోయే జబ్బులో ఇప్పుడు తొంభైమంది బతకడం మొదలైంది. టీ తోటల్లో, నది ఒడ్డు పల్లెల్లో సూదిమందు శిబిరాలు పెట్టారు. ఖాళీ అవుతున్న ఊళ్ళు నిలబడ్డాయి.

జ్వరం పోయాక వచ్చిన మచ్చలు

మామూలుగా ఇలాంటి కథలు ఇక్కడితో ఆగిపోతాయి. జబ్బు వచ్చింది, మందు దొరికింది, అందరూ సంతోషించారు. కానీ ఆయన గొప్పతనం తర్వాత జరిగిన దానిలోనే ఎక్కువ ఉందని మాకు అనిపించింది.

జ్వరం తగ్గి ఇంటికి వెళ్ళినవాళ్ళలో కొందరు ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఆసుపత్రికి వచ్చారు. ఈసారి జ్వరం లేదు, పొట్ట ఉబ్బులేదు. ఆకలి బాగానే ఉంది, పని చేసుకుంటున్నారు. ఒంటి మీద మాత్రం మచ్చలు. మొదట మొహం మీద రంగు తగ్గిన చిన్న చిన్న చుక్కలు. తర్వాత అవి చేతులకు, ఛాతీకి పాకుతాయి. కొందరికి ముక్కు, పెదవులు, గడ్డం చుట్టూ బుడిపెలు లేస్తాయి. నొప్పి ఉండదు. అందుకే చాలామంది పట్టించుకోరు. చూసినవాళ్ళు మాత్రం కుష్ఠు అనుకునేవారు.

బ్రహ్మచారి ఆ మాట నమ్మి ఊరుకోలేదు. మచ్చ దగ్గర చర్మం నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. అక్కడ కనిపించినవి లీష్మేనియా జీవులు. ప్లీహం నుంచి పోయిన శత్రువు చర్మంలో దాక్కుని ఉంది. 1922లోనే ఆయన ఈ కొత్త చర్మవ్యాధిని లోకానికి వివరించారు. తన మందు పూర్తిగా గెలిచిందని చెప్పుకోవాల్సిన సమయంలో, ఇంకా మిగిలిపోయింది ఇదిగో అని తానే చూపించారు. పరీక్షలో ఒక లెక్క తప్పుపోతే దాన్ని చేత్తో కప్పేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ఈ సంగతి మాకు బాగా గుర్తుండిపోయింది.

కుష్ఠు మచ్చకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గిపోతుంది. ఈ మచ్చ మీద ముట్టుకుంటే తెలుస్తుంది. మన దేశంలో కాలా అజార్ తగ్గినవాళ్ళలో సుమారు నూటికి ఐదు నుంచి పదిమందికి ఇలా వస్తుందని వైద్యులు చెబుతారు. ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఇది ఎవరికీ అంటదు.

ఇంటి గోడలో ఉన్న ఈగ

మరి ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుంది? కొన్నేళ్ళు నల్లిని అనుమానించారు. 1924లో కలకత్తా పరిశోధకులు ఇసుక ఈగ కడుపులో ఈ జీవులు పెరుగుతాయని చూశారు. ఇంగ్లీషులో శాండ్‌ఫ్లై అంటారు. ఆ ఈగ కాటుతోనే జబ్బు వస్తుందని స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1942లో నిరూపించారు. అప్పటికి బ్రహ్మచారి ఇంకా జీవించే ఉన్నారు.

ఇసుక ఈగ దోమలో మూడో వంతు కూడా ఉండదు. ఒళ్ళంతా సన్నని నూగు. చప్పుడు చేయదు. ఎక్కువ ఎత్తుకు ఎగరలేదు, గోడ మీద చిన్నగా గెంతుతూ పోతుంది. దోమలా నీళ్ళలో గుడ్లు పెట్టదు. పశువుల కొట్టంలోని తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, మట్టిగోడ పగుళ్ళలో పెడుతుంది. పగలు చీకటి మూలల్లో ఉండి రాత్రి కుడుతుంది.

ఇప్పుడు ఈ జబ్బు పటం ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది. గంగ, బ్రహ్మపుత్ర మైదానాల్లో ఒండ్రు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. పేద ఇళ్ళకు మట్టిగోడలు, ఆ గోడను ఆనుకునే పశువుల కొట్టం. మనుషులు నేల మీదే పడుకుంటారు. ఒక ఊళ్ళో జబ్బు వస్తే ఊరంతా ఒకేలా రాదు. ఒక వీధిలో, ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తుంది. ఈగ దూరం పోలేదు కదా. పక్కా ఇల్లున్న కుటుంబానికి ముప్పు తక్కువ, గుడిసెలో ఉన్న కూలీ కుటుంబానికి ఎక్కువ. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఈ పటంలో లేవు. ఇప్పుడు ముఖ్యంగా ఉన్నవి బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్.

1950ల తర్వాత మలేరియా కోసం ఇళ్ళల్లో డీడీటీ చల్లినప్పుడు ఇసుక ఈగలు కూడా చచ్చిపోయాయి. కాలా అజార్ దాదాపు కనిపించకుండా పోయింది. చల్లడం ఆగిన కొన్నేళ్ళకు, 1970లలో, బీహార్‌లో మళ్ళీ పెద్ద ఎత్తున వచ్చింది. జ్వరం రోగులే లేనప్పుడు ఆ జీవి ఇన్నాళ్ళూ ఎక్కడుంది? చర్మపు మచ్చల్లో ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మచ్చలున్న మనిషిని కుట్టిన ఈగ ఆ జీవిని ఇంకొకరికి మోసుకుపోగలదు. నొప్పి లేదు కదా అని వదిలేసిన మచ్చ ఊరికే నిప్పురవ్వ లాంటిది. 1922లో బ్రహ్మచారి మచ్చలను వివరించడం ఎంత ముఖ్యమైన పనో యాభై ఏళ్ళ తర్వాత తెలిసొచ్చింది.

గుర్తింపు, చివరి రోజులు

1924లో ఆయన కలకత్తాలో తన ఇంట్లోనే పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1929లో ఆయన పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు, కానీ రాలేదు. 1934లో సర్ బిరుదు వచ్చింది. 1936లో ఇండోర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. కలకత్తాలో రక్తనిధి ఏర్పాటులో కూడా ముందున్నారు. 1946 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. మరో ఏడాదిన్నర ఉంటే స్వతంత్ర భారతాన్ని చూసేవారు.

ఆయన కథ చదువుతుంటే మనకు బాగా తెలిసిన ఇంకో పేరు గుర్తొచ్చింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేస్తూ బోదకాలు జబ్బుకు హెట్రజాన్ మందు రావడానికి కారకులయ్యారు. ఇద్దరూ పేదవాళ్ళ జబ్బుల మీద పనిచేశారు. ఇద్దరికీ నోబెల్ రాలేదు. ఇద్దరి పేర్లూ మన తరం పిల్లల్లో చాలామందికి తెలియవు.

యూరియా స్టిబమైన్ ఇప్పుడు వాడుకలో లేదు. తర్వాత వచ్చిన ఆంటిమొనీ మందులకు కూడా బీహార్‌లో ఆ జీవి లొంగడం మానేసింది. ఇప్పుడు వేరే మందులున్నాయి. జ్వరానికి ఒక్కరోజు రక్తనాళంలోకి ఎక్కించే మందు సరిపోతుంది. మచ్చలకు మాత్రం వారాల తరబడి మాత్రలు మింగాలి. ప్రతి 10,000 మందిలో ఏడాదికి ఒకరి కంటే తక్కువమందికే రావాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. 2023 చివరికి జబ్బున్న బ్లాకులన్నీ ఆ గీత కిందికి వచ్చాయి. అది వరుసగా మూడేళ్ళు నిలబడాలి. బంగ్లాదేశ్ 2023లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి దేశమైంది.

మనం చేయగలిగింది

ఒక మాట ఒప్పుకోవాలి. మాలో కొందరం ఇంతకుముందు వేరే రాష్ట్రంలో ఒకే బడిలో చదివాం. అక్కడ మా తరగతిలో ఒక అబ్బాయికి చెంపల మీద, గడ్డం దగ్గర తెల్లని మచ్చలు ఉండేవి. అతని బెంచీ మీద ఎవరమూ కూర్చోలేదు. అతని టిఫిన్ డబ్బాలోది ఎవరమూ తీసుకోలేదు. అవి ఏ మచ్చలని అడగలేదు, డాక్టరుకు చూపించావా అనీ అడగలేదు. ఏడాది చివర వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది, అతను వెళ్ళిపోయాడు. ఈ వ్యాసం రాయడానికి పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు మాకు అతనే గుర్తొచ్చాడు.

డాక్టర్ బ్రహ్మచారి మచ్చలున్నవాళ్ళను దూరం పెట్టలేదు. దగ్గరికి పిలిచి, కూర్చోబెట్టి, పరీక్ష చేసి చూశారు. మనకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. పక్కన కూర్చుని మాట్లాడితే చాలు, ఆసుపత్రికి వెళ్ళమని చెబితే చాలు. బీహార్, జార్ఖండ్ వైపు బదిలీ అయ్యేవాళ్ళు మనలో ఎప్పుడూ ఉంటారు. అక్కడ గోడలకు ఆరడుగుల ఎత్తు దాకా మందు చల్లేవాళ్ళు మీ ఇంటికి వస్తే తలుపు తీయండి. రెండు వారాలు దాటి జ్వరం తగ్గకపోతే పెద్దవాళ్ళకు చెప్పండి. కొత్త బడిలో మచ్చలున్న పిల్లవాడు ఒంటరిగా కూర్చుని ఉంటే, మేము చేసిన పని మీరు చేయకండి. వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోండి.